ఇస్కపల్లి ఉప్పుమళ్ల మట్టి డీఎన్ఏ: 11,000 క్లోన్లలో ఒక్క లైపేజ్ కూడా పడలేదు, తప్పు ఎక్కడ?

అల్లూరు_మైక్రో అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఉప్పు ఎక్కువున్న చోట కూడా పనిచేసే లైపేజ్ (కొవ్వుని విడగొట్టే ఎంజైమ్) కోసం మట్టి డీఎన్ఏ ముక్కల్ని బ్యాక్టీరియాలో పెట్టి లైబ్రరీ కడుతున్నాను. పచ్చితోళ్లు ఉప్పు పట్టించి వస్తాయి కాబట్టి నానబెట్టే తొట్టిలోనే కొవ్వు తీయాలంటే ఉప్పు తట్టుకునే ఎంజైమ్ కావాలి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి వచ్చే మురుగునీళ్ల సంగతీ అంతే.

మట్టి నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పుమళ్లది, ఉప్పు గడ్డకట్టే ఆఖరి మడి నుంచి తీసింది. ఉప్పు వదలాలని 10 గ్రాముల మట్టిని 40 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్‌తో రెండుసార్లు కడిగి, ఆ నీళ్లు పారబోశాను. తర్వాత కణాలు పగలగొట్టడానికి సీటాబ్, ఎస్‌డీఎస్, 65 డిగ్రీల్లో 2 గంటలు, క్లోరోఫామ్, ఐసోప్రొపనాల్: అంతా మామూలు పద్ధతే. నానోడ్రాప్‌లో గ్రాముకి 3 మైక్రోగ్రాములు చూపించింది. శుద్ధత చెప్పే 260/280 నిష్పత్తి 1.5, 260/230 నిష్పత్తి 0.6, రెండూ తక్కువే. రంగు పల్చటి టీ డికాషన్‌లా ఉంది. 16ఎస్ (సూక్ష్మజీవుల్ని గుర్తుపట్టే జీన్) పీసీఆర్ 100 రెట్లు పల్చన చేస్తేనే వస్తోంది.

సౌ3ఏఐ అనే కోత ఎంజైముతో సగంసగం కోసి, 2 నుంచి 5 కేబీ (వేల బేసుల) ముక్కలు తీసుకుని, బ్యామ్‌హెచ్ఐతో కోసిన పీయూసీ19 వెక్టర్లో (ముక్కని మోసే ప్లాస్మిడ్) పెట్టి డీహెచ్5ఆల్ఫా అనే ఇ.కోలైలోకి పంపాను. మొత్తం 11,000 కాలనీలు. 1% ట్రైబ్యూటిరిన్ ప్లేట్ల మీద 37 డిగ్రీల్లో 3 రోజులు పెట్టినా ఒక్కదాని చుట్టూ కూడా కొవ్వు విడిగిన వలయం రాలేదు. 20 క్లోన్లు తీసి కోసి చూస్తే 6 వాటిలోనే ఇన్సర్ట్ (మట్టి డీఎన్ఏ ముక్క) ఉంది. ఇప్పుడు పొడవాటి ముక్కలు పట్టే ఫాస్మిడ్ వెక్టర్‌కి మారాలా, హోస్ట్ మార్చాలా, అసలు ఈ మట్టే వదిలేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి సార్.

కొత్తపట్నం_తీరం జవాబు:

ఫాస్మిడ్ సంగతి తర్వాత. మీరు వెతుకుతున్న డీఎన్ఏలో ఎక్కువ భాగం ఆ కడిగిన నీళ్లలోనే పోయింది.

ఆఖరి మడిలో, అంటే ఉప్పునీళ్ల చిక్కదనం కొలిచే బామే మీటరు 25 డిగ్రీలు దాటి ఉప్పు గడ్డకట్టే చోట ఉండేవి ఎక్కువగా హాలోఆర్కియా అనే ఉప్పుని ఇష్టపడే సూక్ష్మజీవులు. మడి నీళ్లు గులాబీరంగుకి తిరిగేది వీటి వల్లే, డునాలియెల్లా పాచి కూడా కొంత కలుస్తుంది. హాలోఆర్కియా కణానికి మామూలు బ్యాక్టీరియాకి ఉండే గట్టి గోడ లేదు. పైన ప్రోటీన్ పొర ఒక్కటే, దాన్ని పట్టి ఉంచేది బయటి సోడియం, మెగ్నీషియం. ఉప్పు 1 మోలార్ కన్నా కిందికి దిగితే హాలోబ్యాక్టీరియం లాంటివి అక్కడికక్కడే పగిలిపోతాయి. 40 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్ పోసిన క్షణమే పని అయిపోయింది. మీ గొట్టంలో మిగిలింది గోడ గట్టిగా ఉన్న హాలోకాకస్ లాంటి కొద్ది రకాలు, బ్యాక్టీరియా, మట్టికి ముందే అంటుకుని ఉన్న పాత డీఎన్ఏ.

కాబట్టి మట్టిని కడగొద్దు. పైన తేలిన ఉప్పునీళ్లని సెంట్రిఫ్యూజ్‌లో 8,000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి వేరు చేయండి, మట్టి మీద నేరుగా లైసిస్ బఫర్ పోయండి. ఉప్పు మరీ ఎక్కువవుతుందన్న భయం అక్కర్లేదు, లెక్క వేసి చూడండి. 5 గ్రాముల తడిమట్టిలో సుమారు 2 మి.లీ. ఉప్పునీళ్లు ఉంటే, 25% లెక్కన అర గ్రాము ఉప్పు. ఆ 5 గ్రాములకి పోసే 13.5 మి.లీ. లైసిస్ బఫర్‌లో ముందే 1.5 మోలార్ ఉప్పు ఉంది. రెండూ కలిస్తే 1.9 మోలార్ దగ్గర ఆగుతుంది, సీటాబ్‌కి అది ఇబ్బంది కాదు. కంటికి కనిపించే ఉప్పు పలుకులుంటే మాత్రం చిమటాతో ఏరేయండి, అవి కరిగితే ఈ లెక్క తప్పుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది మెగ్నీషియంతో. సముద్రపు నీళ్లలో 53 మిల్లీమోలార్ ఉండేది ఆఖరి మడికొచ్చేసరికి పదింతలవుతుంది. 2 మి.లీ. నీళ్లలో అర మోలార్ అనుకున్నా 1 మిల్లీమోల్. మీ 13.5 మి.లీ. బఫర్‌లో 100 మిల్లీమోలార్ ఈడీటీఏ అంటే మొత్తం 1.35 మిల్లీమోల్. ఈడీటీఏలో ముప్పావు వంతు మెగ్నీషియమే తినేస్తుంది. మడి అడుగున జిప్సం ఉంటుంది గనక కాల్షియం మిగిలింది కూడా లాగేస్తుంది. డీఎన్ఏని కోసే డీఎన్ఏజ్‌ని ఆపాల్సింది ఈడీటీఏనే, ఇక దాన్ని ఆపేవాళ్లు లేరు. పైగా బఫర్‌లోని ఫాస్ఫేట్ మెగ్నీషియంతో కలిసి తెల్లటి మడ్డిగా దిగుతుంది, డీఎన్ఏ కొంత దాంట్లో ఇరుక్కుంటుంది. అందుకని ఈడీటీఏ 200 మిల్లీమోలార్‌కి పెంచండి, మట్టి 5 గ్రాములు మించనివ్వొద్దు. ముందు ట్రిస్, ఈడీటీఏ ఉన్న బఫర్ పోసి 10 నిమిషాలు కలిపి, ఫాస్ఫేట్ ఆ తర్వాత చేర్చండి.

మిగతాది తెలిసిందే: మి.లీ.కి 10 మి.గ్రా. చొప్పున ఉన్న ప్రోటీనేజ్ కె 100 మైక్రోలీటర్లు, 37 డిగ్రీల్లో అరగంట, ఆపైన 20% ఎస్‌డీఎస్ 1.5 మి.లీ., 65 డిగ్రీల్లో 2 గంటలు. పావుగంటకోసారి గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేయాలి, వోర్టెక్స్ పెట్టకూడదు. ఇక్కడ చాలామంది తప్పుచేసేది సెంట్రిఫ్యూజ్‌ని 4 డిగ్రీల్లో పెట్టడం. ఇంత సోడియంలో ఎస్‌డీఎస్ చల్లబడగానే తెల్లగా గడ్డకట్టి డీఎన్ఏని కూడా లాక్కుని దిగుతుంది. గది వేడిలోనే తిప్పండి. ఐసోప్రొపనాల్ 0.6 వంతు, అదీ గది వేడిలోనే ఒక గంట. ఫ్రీజర్‌లో పెడితే డీఎన్ఏతో పాటు ఉప్పు కూడా దిగుతుంది. ఆ తర్వాత 70% ఇథనాల్‌తో రెండుసార్లు కడగండి.

రంగు గురించి. ఆ గోధుమరంగు హ్యూమిక్ పదార్థం, అంటే మట్టిలో కుళ్లిన జీవపదార్థం. అదీ 260 దగ్గర కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి నానోడ్రాప్ చెప్పిన 3 మైక్రోగ్రాముల్ని నమ్మలేం. డీఎన్ఏకి అంటుకుని మెరిసే రంగుతో కొలిచే క్యూబిట్‌లో కొలవండి, అంకె బాగా తగ్గుతుంది. దాన్ని వదిలించడానికి నాకు బాగా నమ్మకమున్న దారి జెల్. 0.8% లో-మెల్ట్ (తక్కువ వేడికే కరిగే) అగరోజ్‌లో, హ్యూమిక్‌ని పట్టే పీవీపీ 2% కలిపి, సెం.మీ.కి 2 వోల్టుల చొప్పున రాత్రంతా నడపండి. పీవీపీ లేకపోతే గోధుమ చార డీఎన్ఏతో పాటే పరిగెడుతుంది. ఉంటే వెనకబడి రెండింటికీ మధ్య ఖాళీ వస్తుంది. అంచు మీద ఒక సన్నని పట్టీ కోసి, దానికి మాత్రమే రంగు వేసి యూవీలో చూసి, మిగతా జెల్‌లో ఆ ఎత్తులో కోసుకోండి. మొత్తం జెల్‌ని యూవీకి చూపిస్తే డీఎన్ఏ దెబ్బతిని క్లోనింగ్ పడిపోతుంది.

పెన్నా_ఎన్జైమ్ జవాబు:

పైవాళ్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. లైబ్రరీ వైపు నుంచి నాలుగు మాటలు.

11,000 అనే అంకెని చూసి మోసపోబాకండి. 20కి 6 అంటే 30%. అంటే ఇన్సర్ట్ ఉన్నవి 3,300. ఒక్కోటి 3.5 కేబీ అనుకుంటే మొత్తం 11.5 మెగాబేస్‌లు. ఒక బ్యాక్టీరియా జీనోమ్ 4 మెగాబేస్‌లు అనుకుంటే మీరు వెతికింది మూడు సూక్ష్మజీవుల పాటి కూడా లేదు. దాంట్లో పీయూసీలోని ల్యాక్ ప్రమోటర్ (జీన్‌ని పనిచేయించే స్విచ్) ఒకవైపుకే చదువుతుంది గనక సొంత ప్రమోటర్ పనిచెయ్యని జీన్ తలకిందులుగా దిగితే బయటపడదు. 32 జీనోమ్‌ల మీద లెక్కగట్టి 2004లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఇ.కోలైలో సులువుగా పనిచేసే జీన్లు సగటున 40%. జీవి వర్గాన్ని బట్టి అది 7% నుంచి 73% దాకా మారుతుంది. ఇన్ని గళ్లలో జల్లించాక 3,300కి సున్నా రావడం ఆశ్చర్యమేమీ కాదు. కనీసం లక్ష తెల్ల కాలనీలు (ఇన్సర్ట్ ఉన్నవి) చూడండి. 15 సెం.మీ. ప్లేటుకి 2,000 చొప్పున 50 ప్లేట్లు. అంతకంటే కిక్కిరిస్తే వలయం ఏ కాలనీదో తెలియదు.

ఇన్సర్ట్ లేనివి 70% రావడానికి ముఖ్యంగా రెండు కారణాలు. వెక్టర్‌కి ఫాస్ఫేట్ సరిగ్గా తీయకపోవడం (అప్పుడది తనలో తానే అతుక్కుంటుంది), లేదా ముక్కల్ని అతికే లైగేజ్‌ని హ్యూమిక్ ఆపేయడం. ఏదో తేల్చుకోవడం తేలిక. కోసిన వెక్టర్ మటుకే, వెక్టర్‌తో లైగేజ్, ఫాస్ఫేట్ తీసిన వెక్టర్‌తో లైగేజ్: మూడూ ఒకే రోజు వేయండి. మూడోదాంట్లో కాలనీలు రెండోదానితో పోలిస్తే బాగా తగ్గకపోతే ఫాస్ఫటేజ్ దగ్గరే లోపం. హ్యూమిక్ అనుమానముంటే హిండ్‌3తో కోసిన లాంబ్డా డీఎన్ఏ 100 నానోగ్రాములు తీసుకుని, ఒక గొట్టంలో నీళ్లు 1 మైక్రోలీటర్, ఇంకోదాంట్లో మీ డీఎన్ఏ 1 మైక్రోలీటర్ కలిపి లైగేట్ చేసి జెల్ మీద నడపండి. నీళ్లున్నదాంట్లో ముక్కలు అతుక్కుని పైకెక్కి, మీదాంట్లో ఎక్కడివక్కడే ఉంటే జవాబు మీ చేతిలో ఉన్నట్టే.

సౌ3ఏఐ కోత 1 మైక్రోగ్రాముకి 0.5 యూనిట్ నుంచి సగంసగం తగ్గిస్తూ ఆరేడు గొట్టాలు, 37 డిగ్రీల్లో 10 నిమిషాలు పెట్టి చూడండి. 65 డిగ్రీల్లో 20 నిమిషాలు పెడితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. 3 నుంచి 6 కేబీ ముక్కలే కోసుకోండి. ఎలక్ట్రోపొరేషన్ చేస్తుంటే లైగేషన్‌ని 0.025 మైక్రాన్ల పొర మీద చుక్కగా వేసి, నీళ్ల మీద అరగంట తేలనివ్వండి. ఉప్పు మిగిలితే క్యువెట్ టప్పుమని పేలి అంత డీఎన్ఏ దండగ.

ఫాస్మిడ్ గురించి అడిగారు. 40 కేబీ ఇన్సర్ట్‌తో 10,000 క్లోన్లంటే 400 మెగాబేస్‌లు, 384 గుంటల ప్లేట్లు 27లో సరిపోతుంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అంత పొడవులో వెక్టర్ ప్రమోటర్ అన్నిటికీ అందదు, జీన్‌కి సొంత ప్రమోటర్ ఉండాలి. హాలోఆర్కియా ప్రమోటర్‌ని ఇ.కోలై చదవదు. ఒక్క జీన్‌తో తయారయ్యే లైపేజ్‌కి చిన్న ఇన్సర్టే మేలు. పది జీన్లు కలిసి చేసే యాంటీబయాటిక్ లాంటిదయితే ఫాస్మిడ్ వైపు వెళ్లాలి.

ఇంకొక పెద్ద సంగతి. ఆఖరి మడి ఎందుకు ఎంచుకున్నారు? హాలోఆర్కియా తమ కణం లోపల కూడా పొటాషియం నింపుకుంటాయి. వాటి ప్రోటీన్ల పైభాగమంతా ఆమ్ల గుణమున్న అమైనో ఆమ్లాలే, ఉప్పు లేకపోతే సరిగ్గా ముడుచుకోవు. ఇ.కోలైలో తయారైనా ముద్దగా పడిపోతాయి. మీకు కావల్సింది తోళ్ల తొట్టిలోనో మురుగునీళ్లలోనో తట్టుకునే ఎంజైమ్, 5 మోలార్‌లో మాత్రమే బతికేది కాదు. అందుకని ఉప్పు కయ్యల్లో సముద్రపు నీళ్లు ఎక్కినాక మధ్యలో ఉండే మడి చూడండి, బామే 8 నుంచి 12 మధ్యది. అక్కడ హాలోమోనాస్, మారినోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా బలంగా ఉంటాయి. ఇవి లోపల ఉప్పుకి బదులు ఎక్టోయిన్ అనే చిన్న అణువుతో నెట్టుకొస్తాయి, బయటికి వదిలే ఎంజైములు మాత్రం ఉప్పుని తట్టుకోక తప్పదు. ఇ.కోలైలో ఇవి చక్కగా ముడుచుకుంటాయి.

ఆఖరి మడి అడుగుని ఉప్పు గీకేముందు తొక్కి గట్టి చేస్తారు, పొరలన్నీ కలిసిపోయి ఉంటాయి. మధ్య మడి గట్టు వారన చాకుతో ఒక ముక్క కోసి పక్కకి తిప్పి చూడండి. పైన ఒక్కోసారి జిప్సం పెచ్చు, దాని కింద ఒకటి రెండు మి.మీ. ఆకుపచ్చ, దాని కింద ఊదారంగు గీత, కిందంతా నల్లటి మట్టి, కుళ్లిన కోడిగుడ్డు వాసన. పైనున్న రంగుపొరలే మీకు కావల్సింది. నల్లమట్టి కలిపితే హ్యూమిక్ తలనొప్పి రెట్టింపవుతుంది.

సింహపురి_సీక్వెన్స్ జవాబు:

ప్లేటు వైపు రెండు లోపాలు కనిపిస్తున్నాయి. ఇ.కోలై లైపేజ్‌ని బయటికి వదలదు. కాలనీ పగిలితే తప్ప ట్రైబ్యూటిరిన్ దాకా వెళ్లదు. రెండోది, మీ ప్లేటులో ఉప్పు మామూలు ఎల్‌బీకి ఉన్నంతే. ఉప్పులో పనిచేసేదాన్ని ఉప్పు లేనిచోట వెతుకుతున్నారు. ఇ.కోలై మరీ ఉప్పులో పెరగదు కాబట్టి పెరగనిచ్చి తర్వాత చంపడం ఒక్కటే దారి.

ఎల్‌బీ మీద కాలనీలు పెరిగాక వేరే ప్లేటులోకి నకలు తీసి భద్రపరచండి. అసలు ప్లేటుని క్లోరోఫామ్ ఆవిరిలో 5 నిమిషాలు ఉంచండి. ప్లాస్టిక్ ప్లేటు కరిగి మసకబారుతుంది, గాజు పెట్రీ ప్లేట్లు వాడండి, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. తర్వాత 0.7% అగర్, 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8, 2 మోలార్ ఉప్పు, 1% ట్రైబ్యూటిరిన్ కలిపిన పల్చటి పొర 50 డిగ్రీల దగ్గర పోయండి. ట్రైబ్యూటిరిన్‌ని గమ్ అరబిక్‌తో హోమోజినైజర్‌లో కొట్టి పాలలా చేసి కలపాలి. చేత్తో ఊపితే నూనెచుక్కలు విడిపోయి ప్లేటంతా మచ్చలమచ్చలుగా వస్తుంది, అవి చూసి వలయమనుకునే ప్రమాదముంది. 40 డిగ్రీల్లో 24 నుంచి 72 గంటలు. ప్రతిసారీ తెలిసిన లైపేజ్ క్లోన్ ఒకటి, ఖాళీ పీయూసీ ఒకటి పక్కన పెట్టకుండా ఫలితం రాయకండి.

ట్రైబ్యూటిరిన్, పొట్టి గొలుసులనే విడగొట్టే ఎస్టరేజ్‌కి కూడా వలయమిస్తుంది. అసలైన లైపేజ్ అనాలంటే ఆలివ్ నూనె, 0.001% రోడమిన్ బి కలిపిన ప్లేటు మీద 350 నానోమీటర్ల యూవీలో నారింజరంగు మెరుపు రావాలి. తోళ్ల కొవ్వు తీయాలంటే ఈ రెండో పరీక్షే ముఖ్యం.

లైసేట్‌తో (కణాలు పగలగొట్టిన రసం) పారానైట్రోఫినైల్ పామిటేట్ (లైపేజ్ విడగొడితే పసుపు వదిలే పదార్థం) పరీక్ష చేసేటప్పుడు ఉప్పు ఎక్కువయ్యేకొద్దీ ఆ పదార్థం మసకగా విడిపోయి 405 దగ్గర అంకె ఉత్తినే పెరుగుతుంది. ఎంజైమ్ లేని గొట్టాన్ని ప్రతి ఉప్పు మోతాదుకీ విడిగా పెట్టండి. పారానైట్రోఫినాల్ పసుపు పీహెచ్‌ని బట్టి మారుతుంది, దాని పీకేఏ 7.15. పీహెచ్ మార్చి చూసేటప్పుడు 348 నానోమీటర్ల దగ్గర కొలిస్తే ఆ తేడా రాదు.

క్లోనింగ్‌తో పాటు అదే డీఎన్ఏలో కొంత సీక్వెన్సింగ్‌కి కూడా పంపండి, 10 గిగాబేస్‌లతో మొదలుపెట్టొచ్చు. మెగాహిట్ ప్రోగ్రాంతో చదివిన ముక్కల్ని కలిపి, 1,000 బేస్‌ల కన్నా చిన్న ముక్కలు వదిలేసి, జీన్లు గుర్తించే ప్రొడిగల్‌ని మెటా మోడ్‌లో నడిపి, ప్రోటీన్ల మీద హెచ్ఎంఎం సెర్చ్ (కుటుంబ పోలికల వెతుకులాట) చేయండి. లైపేజ్ అనుకున్న ప్రతిదాంట్లో గ్లైసీన్, ఏదో ఒకటి, సెరీన్, ఏదో ఒకటి, గ్లైసీన్ వరస ఉందా, దానికి ఆస్పార్టేట్, హిస్టిడిన్ జత కుదిరిందా చూడాలి. బయటికి వెళ్లే సంకేతం ఉంటే దాన్ని తీసేసి జీన్ రాయించుకుని, పీఈటీ28ఏ వెక్టర్లో బీఎల్21(డీఈ3) అనే ఇ.కోలైలోకి పంపి, 18 డిగ్రీల్లో 0.1 మిల్లీమోలార్ ఐపీటీజీతో రాత్రంతా పెంచండి. ఆమ్ల గుణం ఎక్కువున్న ప్రోటీన్ ఎస్‌డీఎస్ జెల్ మీద ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. 35 కిలోడాల్టన్ అనుకున్నది 42 దగ్గర కనపడితే క్లోన్ తప్పని పారేయకండి. ఆర్కియా జీనే కావాలంటే హాలోఫెరాక్స్ వోల్కానీ హోస్ట్ ఉంది, 45 డిగ్రీల్లో పెరుగుతుంది, ట్రిప్టోఫాన్ ఇస్తే పనిమొదలెట్టే ప్రమోటర్ ఉన్న వెక్టర్లు ఉన్నాయి.

ఒకటి గుర్తుంచుకోవాలి: సీక్వెన్స్‌లో దొరికేది తెలిసిన కుటుంబాల చుట్టాలే. ఎవరూ చూడని కొత్త కుటుంబం దొరికేది ప్లేటు మీదే. అందుకే ప్లేటు పని మానొద్దనేది.

అల్లూరు_మైక్రో:

చాలా ధన్యవాదాలు సార్. కడిగిన నీళ్లు ఎలాగూ పోయాయి, మట్టి మళ్లీ తీస్తాను. వర్షాలు పడ్డాక తీస్తే తేడా ఉంటుందా? ల్యాబ్ దాకా ఎలా తీసుకెళ్లాలి?

కొత్తపట్నం_తీరం జవాబు:

చాలా ఉంటుంది. మన దగ్గర అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలదే. మళ్లు మునిగి ఉప్పు పల్చనై, ఏ మడిలో ఏది ఉందో తారుమారవుతుంది. ఉప్పు తీసే కాలంలో, ఏప్రిల్, మే నెలల్లో తీయండి. ఉప్పు రైతుని అడిగితే ఏ మడిలో ఎన్ని రోజుల్నుంచి నీళ్లు నిలిచాయో చెబుతారు. బామే మీటరు, థర్మామీటరు, పీహెచ్ కాగితం తీసుకెళ్లి, ఆ అంకెలు గొట్టం మీదే రాయండి. మడి యజమాని అనుమతి ముందే తీసుకోండి.

రంగుపొరల మట్టిని 50 మి.లీ. గొట్టాల్లో ఆ మడి నీళ్లతోనే నింపి, మూతదాకా గాలి లేకుండా బిగించండి. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కి చేర్చి లైసిస్ మొదలుపెట్టండి. కుదరకపోతే 5 గ్రాముల చొప్పున పంచి, నీళ్లు వంపేసి, మైనస్ 80లో పెట్టండి. మామూలు ఫ్రీజర్‌లో పెట్టి తీసి, మళ్లీ పెట్టి తీస్తే డీఎన్ఏ 10 కేబీ కన్నా చిన్న ముక్కలైపోయి, 3 నుంచి 6 కేబీ కోత కూడా సరిగ్గా రాదు.

సింహపురి_సీక్వెన్స్ జవాబు:

రెండు కాగితాల పనులు కూడా ఇప్పుడే చూసుకోండి. రీకాంబినెంట్ పని కాబట్టి మీ సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ ముందు ప్రతిపాదన పెట్టాలి. ఎంజైమ్ మీద పేటెంట్ ఆలోచన ఉంటే జీవవైవిధ్య చట్టం కిందికి వస్తుంది. పేటెంట్ మంజూరు కాకముందే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థలో నమోదు చేయించుకోవాలి, దాని ఆఫీసు చెన్నైలోనే ఉంది. మట్టి తీసిన తేదీ, జీపీఎస్ అంకెలు, మడి వివరం అప్పుడు అడుగుతారు. ఒకసారి మడి దాటి వచ్చేస్తే ఆ అంకెలు మళ్లీ దొరకవు, గట్టు మీద నిలబడే నోట్‌బుక్‌లో రాసుకోండి.